పద్నాలుగో వచనం

మా ఆరాధన ఇందిరా నగర్‌లో ఒక మేడ మీద జరుగుతుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి. మెట్లు పద్దెనిమిది. ఆ మెట్ల మీద విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టకుండా పదేళ్ళలో ఒక్కసారి కూడా నేను పైకి ఎక్కలేదు. ఆడవాళ్ళవి ఎన్ని, మగవాళ్ళవి ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టేవాణ్ణి. అలవాటు కొద్దీ కాదు, అవసరం కొద్దీ.

నా పని కూడా లెక్కే. కోసపాళయంలో నేలకు పరిచే టైల్స్ అమ్మే దుకాణంలో కొలతల మనిషిని. ఇల్లు కట్టుకునేవాళ్ళు వచ్చి పిలిస్తే టేపు తీసుకుని వెళ్ళి గది కొలుస్తాను. ఎన్ని టైల్స్ పడతాయి, గోడ అంచున ఎన్ని ముక్కలు కోయాలి, ఏ మూల నుంచి మొదలుపెడితే తక్కువ వృథా అవుతుంది, ఇవన్నీ నిలబడిన చోటే చెప్తాను. పగిలేవాటికీ కోతలకూ నూటికి ఐదు అదనంగా వేస్తాను. ఈ లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. మా ఊరు బాహూరులో తమిళ బడిలో ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. మిగిలినది మేస్త్రీలు చేసే తప్పులు చూసి నేర్చుకున్నాను.

మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం. కానీ మాలో చాలామందికి ఆ అక్షరాలు రావు. నాకూ రాలేదు. నలభై దాటాక క్రీస్తును నమ్ముకున్నప్పుడు ఇదే పెద్ద చిక్కయింది. తమిళం గడగడా చదువుతాను, ఆ భాషలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామంటే దుకాణంలో గిరాకీతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తెలుగులో అయితే మా అమ్మతో మాట్లాడినట్టు మాటలు వాటంతటవే వస్తాయి, కానీ ఒక్క ముక్క చదవలేను. చదవగలిగే భాషలో మొక్కలేను, మొక్కగలిగే భాషలో చదవలేను. ఈ సంగతి దేవుడితో చాలాసార్లు కొంచెం గట్టిగానే అన్నాను.

మా తెలుగు సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రసంగానికి ముందు ఆ వారం అధ్యాయాన్ని వరసగా, మనిషికి ఒక వచనం చొప్పున చదువుతారు. ముందు ఆడవాళ్ళ చాపల వైపు నుంచి మొదలై, తరువాత మగవాళ్ళ వైపు వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక కూర్చుంటారు, వాళ్ళకు వంతు ఉండదు. నేను చేరిన కొత్తలో నా వంతు వచ్చినప్పుడు, అదృష్టమో దురదృష్టమో, అది ఎన్నోసార్లు విన్న వచనం. పుస్తకం వైపు చూస్తూ అప్పజెప్పేశాను. "ఎంత చక్కగా చదివారు!" అన్నారు అందరూ. ఆ ఒక్క మాటతో ఇరుక్కున్నాను.

ఆ తరువాత దాన్ని ఒక పనిగా పెట్టుకున్నాను. బుధవారం పాస్టరు గారు రాబోయే అధ్యాయం ఏదో ఫోన్‌లో చెప్తారు. వారమంతా బండి మీద, గోదాములో, ఫోన్‌లో చదివి వినిపించే బైబిలు చెవిలో పెట్టుకుని అదే వింటాను. ఆదివారం చెప్పులు లెక్కపెట్టి, పాట చివరికి వచ్చేదాకా మెట్ల మీద ఆగి, ఏ చోట కూర్చుంటే ఏ వచనం వస్తుందో చూసుకుని అక్కడ కూర్చుంటాను. ఆ పుస్తకంలో నేను చదవగలిగినవి వచనాల పక్కన ఉండే చిన్న అంకెలు మాత్రమే. వేలు సరిగ్గా ఆ అంకె మీద పెట్టి, నెమ్మదిగా కుడివైపుకు జరుపుతూ చెప్పేవాణ్ణి. ఎందుకైనా మంచిదని ముందుదొకటి, వెనకదొకటి కూడా బట్టీపట్టేవాణ్ణి. పగిలేవాటికి అదనం అన్నమాట.

నేర్చుకోవచ్చు కదా అంటారు. రెండుసార్లు కూర్చున్నాను. తమిళంలో ఒక్క అక్షరం చేసే పనికి తెలుగులో నలుగురు నిలబడి ఉంటారు. క, ఖ, గ, ఘ. వాటి కింద ఒత్తులు. ఒక్కో ఒత్తూ తన అసలు అక్షరంతో సంబంధమే లేనట్టు ఉంటుంది. పదివేల అడుగుల నేలను నోటితో లెక్క కట్టేవాణ్ణి, పిల్లల పలక ముందు చెమటలు పట్టి లేచిపోయాను. మేస్త్రీలకు పాఠం చెప్పే మనిషిని, ఎవరి దగ్గరికి వెళ్ళి అ ఆ లు చెప్పమంటాను?

ఈ సంగతి మా ఆవిడకు ఒక్కదానికే తెలుసు. ఆమెకూ చదవడం రాదు. కానీ ఆమెకు సిగ్గు లేదు. వంతు రాగానే "నాకు రాదు పాస్టరు గారూ, పక్కకు ఇస్తాండా" అని పుస్తకం జరిపేసేది. ఇంటికొచ్చాక నన్ను ఆడిపోసుకునేది.

"నా మాదిరి చెప్పేస్తే పోలా? ఎంత పాటుపడతాండావయ్యా నువ్వు! దేవునికి తెలీదా నీకు రాదని?"

"దేవునికి తెలిస్తే పరవాలేదు. పక్కనోళ్ళకు తెలీకూడదు" అన్నాను ఒకసారి.

"మంచి భక్తి" అంది.

ఇంతకీ నేను ఆ సంఘంలో ఏం చేసేవాణ్ణి? ప్రేమవిందు రోజున ఎన్ని ఇస్తరాకులు కావాలో చెప్పేవాణ్ణి. కుర్చీలు వరసగా వేయించేవాణ్ణి. ఎవరైనా ప్రసంగంలో 'దేవుడు నిన్ను పుట్టకముందే ఎరిగి, ఒక పనికోసం పిలిచాడు' అంటే నాకు విసుగు వచ్చేది. నన్ను పిలిచింది ఇస్తరాకులు లెక్కపెట్టడానికా? నిజంగా ఎరిగి ఉంటే, నాకు అంకెలిచ్చి అక్షరాలు ఎందుకు ఇవ్వలేదు? సంవత్సరాల తరబడి అడిగాను. జవాబు రాలేదు.

చివరికి జవాబు వచ్చినట్టే వచ్చింది. పాస్టరు గారు నెల్లూరు వైపు మనిషి, నాకన్నా చిన్నవాడు. ఒక రోజు దుకాణానికి వచ్చి, "అన్నా, బాహూరులో మీ తెలుగువాళ్ళ మధ్య వారానికోసారి ఒక చిన్న ప్రార్థన కూడిక మొదలుపెడదామని ఉంది. నా భాష వాళ్ళకు రేడియో మాదిరి ఉందంట. మీరైతే వాళ్ళ మనిషి. మీరు నడిపించాలి" అన్నారు. వచ్చే ఆదివారం సంఘం ముందు నన్ను నిలబెట్టి ఆ మాట చెప్తామన్నారు.

నేను అడుగుతూ వచ్చింది అదే. మా ఊరు, మా మాట, నాకొక పని. సరే అనేశాను. ఆయన వెళ్ళాక గోదాములో టైల్స్ పెట్టె మీద కూలబడ్డాను. కూడిక నడపాలంటే వాక్యం చదవాలి. అక్కడ వరస ఉండదు, వంతు ఉండదు, చెప్పులు లెక్కపెట్టి ప్రయోజనం లేదు. ఏ అధ్యాయం తీయమంటే అది తీయాలి. వద్దంటే ఆ పని పోతుంది. ఒప్పుకుంటే పదేళ్ళ గుట్టు మా ఊళ్ళో, మా వాళ్ళ ముందే బయటపడుతుంది. మా ఆవిడతో కూడా ఏమీ తేల్చుకోలేదు. 'ముందు ఈ ఆదివారం గడవనీ' అనుకున్నాను.

ఆ ఆదివారానికి మంచి కాపరి గురించిన అధ్యాయం. నన్ను నిలబెట్టే రోజు కాబట్టి ఒకే ఒక్క వచనం తీసుకుని, పొల్లుపోకుండా చదవాలనుకున్నాను. ఏది కావాలో కూడా నేనే ఎంచుకున్నాను. కాపరికి తన గొర్రెలు తెలుసు, గొర్రెలకూ కాపరి తెలుసు అనే అర్థం వచ్చే పద్నాలుగో వచనం. ముందుదీ వెనకదీ ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళుగా నూటికి ఐదు అదనం వేస్తున్నవాణ్ణి, నా విషయానికి వచ్చేసరికి ఒక్కటి కూడా వేసుకోలేదు.

మెట్ల మీద ఆడవాళ్ళ చెప్పులు తొమ్మిది జతలు. అందులో కళ్ళు సరిగా కనపడని అవ్వ చదవదు, మా ఆవిడ చదవదు. కాబట్టి ఏడు వచనాలు. మగవాళ్ళలో ఏడో చోట కూర్చుంటే నాకు పద్నాలుగు. వెళ్ళి సరిగ్గా ఏడో చోట కూర్చున్నాను.

మొదటి వచనం, సంఘంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ చదివింది. ఆమె నెల్లూరులో పంతులమ్మగా చేసి, ఉద్యోగం అయిపోయాక కూతురి దగ్గరికి ఇక్కడికి వచ్చింది. రెండోది ఆమె పక్కనావిడ. అవ్వ తల అడ్డంగా ఊపింది. మూడోది ఇంకొకావిడ. పుస్తకం మా ఆవిడ చేతికి వచ్చింది. నేను ఆమె వైపు చూడను కూడా లేదు.

ఆమె పుస్తకం పక్కకు జరపలేదు. గొంతు సవరించుకుంది. ఒక్కో అక్షరం పట్టుకుని, కూడబలుక్కుంటూ, నాలుగో వచనం చదవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ తన చోటినుంచి ఆమె పెదాలనే చూస్తోంది. నా లెక్కలో అది ఒక నిమిషం ఇరవై సెకన్లు. అయిపోగానే ఎవరో "దేవునికి స్తోత్రం" అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. నాకు తెలిసిపోయింది. వచనాల వరస ఒకటి ముందుకు జరిగింది. ఇక అందరి వంతూ ఒక అంకె జరుగుతుంది. నాకు వచ్చేది పద్నాలుగు కాదు, పదిహేను. పదిహేనో వచనంలో ఒక్క మాట కూడా నాకు రాదు.

నా వంతుకు ముందు ఇంకా పదిమంది ఉన్నారు. నాకు ముందు వంతు ఉన్న ఆయన చెవిలో, "అన్నా, ఫ్యాను గాలి పడతా లేదు, చోటు మార్చుకుందామా?" అన్నాను.

"ఇప్పుడేందప్పా, చదివేటప్పుడు! కూసో" అని కసిరాడు.

తొమ్మిది, పది, పదకొండు. ఇంకొకరెవరైనా చదవనంటే బాగుండు అని నిజంగా ప్రార్థించాను. ఎవరూ అనలేదు. ఆ రోజు అందరికీ గొంతు బాగుంది. ఆయన నా పద్నాలుగో వచనాన్ని హాయిగా చదివి, పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.

నా వేలు పదిహేను అంకె మీద ఉంది. నోట్లో పద్నాలుగే ఉంది. అదే చెప్పేశాను, పొల్లుపోకుండా.

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. పాస్టరు గారు మెల్లగా, "అన్నా, అది అయిందండీ. దాని తరువాతది" అన్నారు.

"కళ్ళజోడు... ఇంట్లో మరిచిపోయినా" అన్నాను.

"ముక్కు మీదనే ఉంది కదా నాయనా" అంది పెద్దమ్మ. ఆమె ఎగతాళి చేయలేదు. పాపం, గుర్తు చేద్దామనే అంది. గది మొత్తం నవ్వింది.

పుస్తకం పక్కాయన ఒళ్ళో పెట్టి లేచి బయటికి వచ్చేశాను. సంఘం ముందు బాహూరు సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. మెట్ల మీద మా ఆవిడ వెనకాలే వచ్చింది.

"ఎన్నాళ్ళుగా నేర్చుకుంటాండావు?" అని అడిగాను.

"నాలుగు నెల్లు. మధ్యాన్నం నువ్వు అంగట్లో ఉండేటప్పుడు పెద్దమ్మ కాడికి పోతాండా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నడమ దూరి, రోజుకు ఎన్ని అచ్చరాలు, ఎన్ని దినాలకు ముగుస్తాదని లెక్క ఏస్తావు. నాకు అది వద్దనిపించింది."

"నా లెక్కంతా చెడగొట్టినావు."

ఆమె రెండు మెట్లు దిగి నా ఎదురుగా నిలబడింది. "నీ లెక్కలో నేనెంత?"

జవాబు నాకు తెలుసు. ప్రతి ఆదివారం, పదేళ్ళు, మెట్ల మీద ఆ అంకె వేసుకుంటూనే ఉన్నాను. సున్నా. ఆమెకు వినపడినట్టే ఉంది.

"నిన్న మొన్న బాహూరు బాహూరు అని కలవరిస్తాండావు గదా" అంది. "యాడ చదువుతావు నువ్వు? నువ్వు మాట్లాడు, నేను చదువుతానని అనుకున్నా. అందుకే ఈ పొద్దు నోరు తెరిచినా. ఇంత రచ్చ అవుతాదని నాకేం తెలుసు."

ఆరాధన ముగిశాక పాస్టరు గారు కూడా కిందికి వచ్చారు. నేను ఏదో చెప్పబోతే ఆపి, "నాకు రెండేళ్ళ కిందే తెలుసన్నా" అన్నారు. "ఒకసారి మీ వచనం సగంలో పేజీ అయిపోయింది. మీరు పేజీ తిప్పకుండానే మొత్తం చదివేశారు."

నా కోపం ఆయన మీదికి మళ్ళింది. రెండేళ్ళు. వారానికి ఆరు రోజులు, రోజుకు ఒక గంట తక్కువ కాకుండా చెవిలో పెట్టుకుని విన్నాను. ఆరువందల గంటలు దాటుతుంది. "తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్తారని."

"తెలిసి కూడా బాహూరుకు నన్నెందుకు అడిగారు?"

"తెలుసు కాబట్టే. అక్కడ చదవడం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే లెక్క చెప్పండి" అని పైకి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా అదే తలలో తిరిగింది. దేవుడు మనల్ని ఎరుగును అని పదేళ్ళుగా పాడాను. అది ఒక ఓదార్పు అనుకునేవాణ్ణి. నిజంగా ఒక మనిషికి మన సంగతి తెలిసి ఉందని తెలిసినప్పుడు కలిగేది ఓదార్పు కాదు, మంట. పాస్టరుకు రెండేళ్ళుగా తెలుసు. ఆవిడకు మొదటినుంచీ తెలుసు. పైనున్నవాడికి ఇంకా ముందునుంచీ తెలుసు. నేను చెప్పులు లెక్కపెడుతుంటే ఆయన చూస్తూ ఊరుకున్నాడు. 'ఒక్కసారైనా ఆపి ఉండొచ్చు కదా' అని అడిగాను.

మంగళవారం ఒక ఇంట్లో గది కొలవడానికి వెళ్ళాను. "పది అడుగులకు పది, సరిగ్గా చదరంగా కట్టించాను" అన్నాడు ఇంటాయన. అందరూ అలాగే అంటారు. టేపు పెడితే ఒక వైపు పది, ఎదుటి వైపు తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు. ఆయన ముఖం మాడిపోయింది. "ఏ గోడా నేరుగా ఉండదు సార్, ముందే తెలిస్తే ముక్కలు దానికి తగ్గట్టు కోస్తాం" అన్నాను. రోజూ అనే మాటే. టేపు చుట్టుకుంటూ దాన్నే మళ్ళీ అనుకున్నాను. నేను కొలిచేది ఆయన గోడకు వంక పెట్టడానికి కాదు, నేల పరచడానికి. ఈ పోలిక నాకు బాగానే తోచింది. కోపం మాత్రం తగ్గలేదు. కానీ సాయంత్రం పాస్టరు గారికి ఫోన్ చేసి, వెళ్తాను అన్నాను. చదవగలనని మాత్రం చెప్పలేదు.

రెండు వారాల తరువాత ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం బాహూరు బస్సు ఎక్కాం. మా మేనమామ ఇంటి వసారాలో కూడిక. ఆయనకు ఈ నమ్మకం లేదు, చుట్టరికం కొద్దీ చోటిచ్చాడు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఏందిరా, టైల్సు అమ్మేదానికి వచ్చినావా, దేవుణ్ణి అమ్మేదానికి వచ్చినావా?" అన్నాడు. వచ్చినవాళ్ళు ఏడుగురు. అందులో ముగ్గురు కాఫీకి వచ్చారని నాకు తెలుసు.

అదే అధ్యాయం తీయమన్నాను. మా ఆవిడ చదవడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర పెద్దమ్మతో నాలుగుసార్లు చదివిందట, అయినా మా వాళ్ళను చూసేసరికి గొంతు తడబడింది. ఒక్కో మాట దగ్గర ఆగుతోంది. పద్నాలుగు దాటేసరికి పన్నెండు నిమిషాలు. ఒకావిడ ఆవలించింది. నాకు లోపల ఉడికిపోతోంది. ఆమె మీద, నా మీద, ఆ ఒత్తుల మీద.

మామకు ఓపిక పోయింది. "ఒరే, ఆడకూతుర్ని ఎందుకురా సతాయిస్తావు? మొగోడివి, అన్ని లెక్కలు ఏస్తావు, నువ్వు చదవరాదా?"

ఏడుగురూ నా వైపు చూశారు. కళ్ళజోడు ముక్కు మీద ఉంది. గొంతు నొప్పి అనొచ్చు, ఆవిడ నేర్చుకుంటోంది చదవనీ అనొచ్చు. ఇంకో రెండు సాకులు కూడా తయారుగా ఉన్నాయి.

"నాకు రాదు మామా" అన్నాను.

"ఏంది రాదు?"

"చదవను రాదు. తెలుగు అచ్చరాలు నాకు తెలీవు."

"మరి పదేళ్ళుగా ఆదివారం ఆదివారం యాడికి పోతాండావురా? ఏం చేస్తాండావు ఆడ?"

"చెప్పులు లెక్కపెడతాండా" అన్నాను.

అందరూ నవ్వారు, మామ అందరికన్నా గట్టిగా. ఇందిరా నగర్‌లో నవ్విన నవ్వుకన్నా ఇది పెద్దది. ఆవలించిన ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మాకు మాత్రం యాడొచ్చురా అబ్బోడా! అంగడి కాడ బోర్డు చూస్తే అది దోసో దేవుడో తెలీదు. చదువు తల్లీ, మెల్లిగానే చదువు. ఇంట్లో మాకేం కొంపలు మునగలా" అంది. కాఫీకి వచ్చిన ముగ్గురిలో ఒకాయన గ్లాసు కింద పెట్టి ముందుకు జరిగి కూర్చున్నాడు.

ఈ గొడవలో మా ఆవిడకు చదువుతున్న వరస తప్పిపోయింది. పేజీ మీద కళ్ళు వెతుక్కుంటున్నాయి. ఆ పేజీలో నాకు తెలిసినవి అంకెలే. వంగి పదిహేను మీద వేలు పెట్టాను.

ఇది జరిగి రెండేళ్ళయింది. అక్షరాలు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, ఇది రాయగలిగేంత వరకు. రోజుకు ఎన్ని అక్షరాలో లెక్క వేయబోతే పలక లాక్కుంది. బాహూరులో ఇప్పటికీ ఏడుగురు దాటలేదు. కొన్ని శనివారాలు నలుగురే. నన్ను ఎరిగినవాడు ఇంతమాత్రానికే పిలిచాడా అని ఇప్పటికీ బస్సులో అడుగుతూనే ఉంటాను.

ఆ రోజు మాత్రం ఆమె నా వేలు చూసి పదిహేనో వచనం అందుకుంది. మూడో మాటలో ఒక ఒత్తు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగింది. నాకు మళ్ళీ విసుగొచ్చింది. వేలు మాత్రం తీయలేదు.